బార్డోలీ పల్లెలలో పాలగిన్నె

పోతనామాత్యుని ఆంధ్రమహాభాగవతమున దశమస్కంధమందలి యొక సన్నివేశము తెలుగువారందఱు నెఱిగినదే. యశోద బాలకృష్ణునకు చన్నిచ్చుచుండగా పొయ్యిమీద పాలు పొంగినవి. ఆమె బిడ్డను ఒడినుండి దింపి పాలను దింపుటకు పరుగెత్తెను. బిడ్డడు అలిగెను, పెరుగుకుండ పగిలెను. భక్తులు దీనియందు భగవల్లీలను చూతురు. గృహస్థులు తమ యింటి ముచ్చటను కూడ చూతురు. ఒకవైపు తల్లిపాలు, మఱియొకవైపు పశువుపాలు, నడుమ నడకలు నేర్చుచున్న బిడ్డ. ఆ బిడ్డను చన్ను మఱపించి గిన్నెకు అలవాటు చేయుట ప్రతి యింటను జరుగు చిన్నపని. ఇంత చిన్నపనికి చరిత్ర యేమియని అడుగవచ్చును. గిన్నెను బిడ్డ పెదవులకు అందించునది తల్లియే. కాని ఆ గిన్నెలో పోయుటకు పాలుండునా లేదా యని నిర్ణయించునవి భూమి, శిస్తు, కూలి, చట్టము. సూరతు జిల్లాలోని బార్డోలీ తాలూకా చరిత్రను ఈ దృష్టితో చదివినవారికి ఈ మాటలోని నిజము తెలియగలదు.

చన్ను మాన్పించుటను గూర్చి మన పూర్వులు చాల ఆలోచించిరి. మనుస్మృతి అన్నప్రాశనమును ఆఱవ మాసమున విధించినది. సుశ్రుతుడును ఆఱవ మాసమున లఘువైన, హితమైన అన్నమును పెట్టుమనెను. బాలవైద్యమునకు ప్రసిద్ధమైన కాశ్యపసంహిత ఆఱవ మాసమున ఫలరసములను, పదవ మాసమున అన్నమును చెప్పినది. వాగ్భటుడు పండ్లు వచ్చిన శిశువును క్రమముగా స్తన్యమునుండి మరల్పవలెననెను. తల్లిపాలు లేనిచో మేకపాలు గాని ఆవుపాలు గాని ఇయ్యవచ్చునని ఆయుర్వేదము అనుమతించినది. ఈ గ్రంథములు మాసములలో భేదించినను ఒక విషయమున ఏకీభవించినవి. ఈ మార్పు ఒక్కనాటితో ముగియునది కాదు, మెల్లమెల్లగా జరుగవలసినది.

తెలుగునాట ఈ మార్పునకు గుర్తు ఉగ్గుగిన్నె. ముక్కుగల ఆ చిన్న గిన్నెను, వెండిదో కంచుదో, తల్లి పుట్టింటివారు ప్రీతితో తెచ్చి యిచ్చుట మన ఆచారము. చిన్ననాటనే అబ్బిన విద్యను ఉగ్గుపాలతో పెట్టిన విద్య యనుట మన పలుకుబడి. అరవదేశమున ఇట్టి పాత్రను పాలాడ యందురు. గుజరాతీయులు అన్నప్రాశనమును బోటణ మందురు. వారి యింట చిన్న గిన్నె వాట్కీ, సాసరు రకాబీ. చన్ను విడువని బిడ్డకు వేపాకు ముద్ద పూసి చేదు చూపుట మన పల్లెలలోని యుపాయము. పద్ధతు లెట్లున్నను గిన్నె మాత్రము నిండవలెను. వేపాకు ఏ చెట్టునైనను దొరకును. పాలు ఏ యింటనైనను దొరకవు.

బార్డోలీ సూరతు నగరమునకు తూర్పున, తాపీలోయ రైలుమార్గముమీద నున్న పట్టణము. ఆ తాలూకా నేల నల్లరేగడి. గత శతాబ్దపు మొదటి భాగమున అచ్చట ముఖ్యమైన పైరు ప్రత్తి. భూమి గలవారిలో పాటీదార్లును అనావిల బ్రాహ్మణులును ప్రముఖులు. వారి లోగిళ్ళలో నేలతో సమానముగా ఎంచదగిన సంపద గేదె. కొడవలివలె వంగిన కొమ్ములుగల సూర్తీజాతి గేదె గుజరాతునకు పేరు తెచ్చినది. గేదెపాలలో వెన్న నూటికి 7 పాళ్ళు, అంతకు మించియు ఉండును; తల్లిపాలలో 4 పాళ్ళకు మించుట అరుదు. మాంసకృత్తులు తల్లిపాలలో నూటికి ఒక పాలు, గేదెపాలలో సుమారు 4 పాళ్ళు. చంటిబిడ్డకు ఆ చిక్కని పాలు అరుగవు. ఏడాది దాటి, ఇతరాహారమునకు అలవడిన బిడ్డకు మాత్రము, కాచి చల్లార్చిన గిన్నెడు పాలు మంచి పోషణము. కావున గేదె నెయ్యి నమ్మి రొక్కమును, బిడ్డ గిన్నెకు పాలను ఇచ్చునది.

ఈ తాలూకా పేరు దేశమంతట మొదట మ్రోగినది 1922లో. శాసనోల్లంఘనమును బార్డోలీలో ఆరంభింప గాంధీమహాత్ముడు సంకల్పించెను. అదే కాలమున గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంతమున పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వమున రైతులు పన్నుల నిరాకరణమునకు పూనుకొనిరి. ఫిబ్రవరి మొదట చౌరీచౌరాలో హింస చెలరేగెను. ఆ నెల 12వ తేదీన బార్డోలీయందే కూడిన కాంగ్రెసు కార్యవర్గము ఉద్యమమును నిలిపివేసెను. బార్డోలీ రైతును పెదనందిపాడు రైతును ఒకరినొకరు చూచి యెఱుగరు. కాని ఒక్క నిర్ణయముతో ఇరువురి పోరాటమును ఆగిపోయినది. సరిగా ఆఱేండ్లకు, 1928 ఫిబ్రవరి 12వ తేదీన, బార్డోలీ రైతులు మరల సమావేశమైరి. ఈమాఱు కారణము శిస్తు. భూమిశిస్తును నూటికి 30 వంతులు పెంపవలెనని రెవిన్యూ అధికారి సిఫారసు చేసియుండెను. బొంబాయి ప్రభుత్వము దానిని సుమారు 22కు దింపి ఖాయపఱచెను. విచారణ జరుగునంతవఱకు శిస్తు చెల్లింపమని రైతులు వల్లభభాయి పటేలు నాయకత్వమున ప్రతిజ్ఞ చేసిరి.

ప్రభుత్వము జప్తులకు దిగెను. నేలను వేలము వేయుటకు కాలము పట్టును, కొనువారును దొరకరు. పశువును తోలుకొనిపోవుట సులభము. జప్తు ఉద్యోగులు, వారికి తోడుగా నియమింపబడిన పఠానులు గేదెల వెంట పడిరి. వారి రాకను డప్పులతోను శంఖములతోను ఊరికి తెలుపుటకు కావలివా రుండిరి. ఆ ధ్వని వినబడగానే తలుపులు మూయబడెడివి. పగలెల్ల ఇండ్లకు తాళములు. లోపల మనుష్యులును పశువులును ఒక్కచోటనే. మేతకుగాని నీటికిగాని గేదెను బయటికి తోలుట కష్టమాయెను. చీకటిలో నెలల తరబడి మ్రగ్గి రంగు తగ్గిన గేదెలను చూచి, ఇవి దొరసానులైనవని వల్లభభాయి పరిహాసమాడెనని చెప్పుదురు. పరిహాసము వెనుక బాధ తక్కువది కాదు.

ఆ బాధను కన్నులార చూచి వ్రాసినవారిలో కె. ఎం. మున్షీ యొకరు. ఆయన అప్పుడు బొంబాయి శాసనసభ సభ్యుడు. బార్డోలీ పల్లెలను తిరిగి చూచి, గవర్నరునకు లేఖ వ్రాసెను. సభ్యత్వమునకు రాజీనామా యిచ్చెను. నిశ్శబ్దమైన వీథులు, కిటికీ కమ్ములనుండి భయముతో తొంగిచూచు స్త్రీలు, వచ్చినది జప్తు ఉద్యోగి కాడని తెలిసిన తరువాత తెఱచుకొను తలుపులు, లోపల చీకటి, దుర్గంధము, ఒకే గదిలో పశువులతో కలిసి మూడునెలలకు పైగా మసలుచున్న స్త్రీపురుషులు, పిల్లలు - ఇవన్నియు ఆ లేఖలో కలవు.

ఆ పిల్లలలో ఏడాది నిండినవారును ఉండియుందురు. వారి పేర్లను ఏ చరిత్రకారుడును వ్రాయలేదు. కాని ఒక్కమాట ఊహింపవచ్చును. ఆ తల్లి గేదెను ఇంటిలో దాచినది కేవలము ఆస్తియని కాదు. జప్తుదారు తోలుకొనిపోవునది నాలుగుకాళ్ళ పశువు. ఇంటిలో ఖాళీయగునది బిడ్డ గిన్నె. మిఠూబెన్ పెటిట్, భక్తిబా దేశాయి, మణిబెన్ పటేలు మొదలగు స్త్రీలు ఊరూర తిరిగి ప్రచారము చేయగా గృహిణులు వేలకొలదిగా సభలకు వచ్చిరి. శిస్తు లెక్కలు పురుషులవి కావచ్చును. కొట్టము, కవ్వము, పాలకుండ స్త్రీలవి. జప్తు ఆమె రాజ్యములోనికి వచ్చినది గనుకనే ఆమె పోరాటములోనికి వచ్చినది. ఆగస్టులో రాజీ కుదిరెను. బ్రూంఫీల్డు, మాక్స్‌వెల్ అను అధికారులు విచారణ జరిపి, 1929లో, పెంపు నూటికి సుమారు 6 వంతులకు మించరాదని తేల్చిరి. ఆ బ్రూంఫీల్డు 1922లో గాంధీజీకి ఆఱేండ్లు శిక్ష విధించిన న్యాయమూర్తియే. వల్లభభాయి సర్దారుడాయెను. గేదెలు మరల వెలుతురు చూచెను.

ఇంతటితో కథ ముగిసిన బాగుండును. కాని బార్డోలీలో గేదెగల యిండ్లే కాక గేదెలేని యిండ్లును ఉండెను. దున్నుట, కలుపు తీయుట, కోయుట చేసిన కూలీలలో ఎక్కువమంది దుబ్లాలు. తరువాతి కాలమున వారిని హళపతులని గౌరవముగా పిలిచిరి. పెండ్లి ఖర్చులకై చేసిన అప్పుతో పురుషుడు ఒక ఆసామికి హాళీయై కట్టుపడెడివాడు. అప్పు తీరుట అరుదు. చాకిరి తీరుట అంతకంటె అరుదు. అతని భార్య ఆసామి యింట నీరు తెచ్చి, కొట్టము ఊడ్చి, పేడ ఎత్తవలెను. గేదె క్రింద శుభ్రము చేసినది ఆమె; ఆ గేదెపాలు ఆమె బిడ్డవి కావు. జొన్నజావయో, వెన్నతీసిన పలుచని మజ్జిగయో ఆ గిన్నెకు దొరకునది. సర్కారు జప్తును ఎదిరించుటకు సత్యాగ్రహ మున్నది. జప్తు చేయుటకు కూడ ఏమియు లేని యింటికి ఏ మార్గమున్నది?

ఈ ప్రశ్న నాయకులకు తోచకపోలేదు. బార్డోలీ ప్రాంతపు వేడ్ఛీ గ్రామమున జుగత్‌రామ్ దవే ఆశ్రమము నడిపి ఆదివాసుల విద్యకు, శ్రేయస్సునకు జీవితమును ధారవోసెను. 1939లో హాళీల విముక్తికై సర్దారు పటేలు మధ్యవర్తిత్వమున బార్డోలీలో ఒక ఒడంబడిక కుదిరెను. అది కాగితముమీద నిలిచినంతగా పొలములో నిలువలేదు. వెట్టిచాకిరి రద్దు చట్టము దేశమంతటికి వచ్చినది 1976లో. 1960వ దశాబ్దమునుండి ఈ ప్రాంతపు కూలీలను పరిశీలించిన డచ్చి సమాజశాస్త్రజ్ఞుడు జాన్ బ్రెమన్, పాత కట్టు తెగినను దారిద్ర్యము తెగలేదని చూపెను.

గుజరాతున పాల చరిత్ర మఱియొక మలుపు తిరిగెను. 1946లో ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘము ఆనందులో ఏర్పడెను. లోకమునకది అమూల్ అను పేరున తెలిసినది. 1951లో సూరతు జిల్లా సంఘమును, అనగా సుమూల్, వెలసెను. గేదెపాలనుండి శిశువులకు పాలపొడి చేయుట సాధ్యము కాదని విదేశీయ నిపుణులు తలచుచుండగా, మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయపు సాయముతో ఆనందు ఆ పని సాధించెను. 1960 నాటికి వాణిజ్యస్థాయిలో ఉత్పత్తి ఆరంభమయ్యెను. రైతుకు ప్రతిదినము రొక్కము చేతికి వచ్చినది. ఇది గొప్పమేలు. దీనికొక వెలయు నున్నది. ఇంట వెన్న తీసినపుడు మిగిలిన మజ్జిగ ఇరుగుపొరుగునకు, పనివారికి ఊరకయే పోసెడివారు. పాలు డెయిరీకి పోయిన తరువాత ఆ మజ్జిగ తగ్గినది. బీదబిడ్డ గిన్నెలోని ఆ పలుచని చుక్కయు లెక్కలలో కనబడక మాయమైనది.

గిన్నె వట్టిదైనచో బిడ్డ కేమగునో వైద్యశాస్త్రము గుర్తించినది కూడ ఈ శతాబ్దములోనే కాదు; గడచిన శతాబ్దమున. ఆఫ్రికా పశ్చిమతీరమున, నేటి ఘానాలో, సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు కాళ్ళు వాచి, జుట్టు రంగు మాఱిన పిల్లలను పరీక్షించి 1933లో ఆ వ్యాధిని వర్ణించెను. 1935లో క్వాషియార్కర్ అను స్థానికనామముతోనే దానిని లోకమునకు తెలిపెను. తరువాతి బిడ్డ పుట్టగా తల్లియొడినుండి తొలగింపబడిన బిడ్డకు వచ్చు జబ్బని ఆ పేరునకు భావము. ఆ దేశపు తల్లులు వైద్యులకంటె ముందే కారణము కనిపెట్టిరి. చన్ను మాన్పించుట దోషము కాదు. దానికి బదులు పిండిపదార్థము తప్ప వేఱొకటి లేకపోవుటయే దోషము.

ఈ శోధనలో తెలుగునేలకు గౌరవస్థానము గలదు. 1918లో మెకారిసన్ కూనూరులో ఆరంభించిన పోషకాహార పరిశోధన 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. 1969లో ఆ సంస్థ జాతీయ పోషకాహార సంస్థ యని పేరొందెను. డాక్టరు సి. గోపాలన్ దక్షిణ భారతమున క్వాషియార్కరును పరిశోధించి, ఖరీదైన పాలపొడి లేకున్నను ధాన్యము, పప్పు తగురీతిని కలిపి ఇట్టి బిడ్డలను కోలుకొనునట్లు చేయవచ్చునని చూపినవారిలో ముఖ్యుడు. గోధుమ, సెనగపప్పు, వేరుసెనగ వేయించి పొడిచేసి బెల్లముతో కలిపిన ఆహారము హైదరాబాదు మిశ్రమమను పేర ప్రసిద్ధి కెక్కెను. 1975 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవలు అంగన్‌వాడీలద్వారా ఇట్టి ఆహారమును పల్లెలకు చేర్చెను. తెలుగునాట నేటి తల్లు లెఱిగిన బాలామృతము ఈ పరంపరలోనిదే. గేదెలేని యింటి గిన్నె కూడ నిండవచ్చునని చెప్పిన శాస్త్రమిది.

పాత్ర విషయమునను ఒక పాఠము కలదు. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలో పొడవైన రబ్బరుగొట్టముగల గాజుసీసాలు వాడుకలోనికి వచ్చెను. గొట్టములో పాలు పులిసి, క్రిములు చేరి పెక్కు శిశువుల ప్రాణములు తీసినందున వాటికి హంతకసీసాలను పేరు వచ్చెను. అన్నిమూలల చేయి పట్టని సీసాకంటె వెడల్పుమూతి గిన్నె కడుగుట సులభము. ఆ సులువే దాని గొప్పతనము. 1939లో సింగపూరున విలియమ్స్ డబ్బాపాల ప్రచారమును తీవ్రముగా ఖండించి ప్రసంగించెను. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ తల్లిపాల ప్రత్యామ్నాయముల విక్రయమునకు నియమావళి నేర్పఱచెను. 1992లో భారత పార్లమెంటు శిశువుల పాలపొడులను, పాలసీసాలను ప్రకటనలతో ప్రచారము చేయుటను నిషేధించు చట్టము చేసెను. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నెవైపునకే లోకము ఇట్లు చుట్టు తిరిగి వచ్చినది.

పనికిపోవు తల్లిమాట ఏమి? 1929లో బొంబాయి రాష్ట్రము ప్రసూతి ప్రయోజన చట్టము చేసి దేశమునకు దారి చూపెను. 1948 నాటి కర్మాగారముల చట్టము ఆఱేండ్లలోపు పిల్లలకు శిశుగృహము నియమించెను. 1961 నాటి కేంద్ర చట్టము, బిడ్డకు పదునైదు నెలలు నిండువఱకు, తల్లికి పనినడుమ రెండుసార్లు పాలిచ్చుటకు విరామము విధించెను. 2008లో కేంద్ర ప్రభుత్వోద్యోగినులకు ప్రసూతి సెలవు 135 దినములనుండి 180 దినములకు పెరిగెను. బిడ్డల పెంపకమునకై ఉద్యోగకాలమున 730 దినముల ప్రత్యేక సెలవు లభించెను. 2017 సవరణముతో చట్టపరిధిలోని ఇతర సంస్థల స్త్రీలకును మొదటి యిద్దఱు బిడ్డలవఱకు 26 వారముల సెలవు కలిగెను. ఆఫీసునుండి సెలవు చీటితో ఇంటికి వచ్చు తల్లికి ఇవి కేవలము అంకెలు కావు. బిడ్డ గిన్నెకు తొందరలేకుండ అలవాటు పడుటకు దొరకిన దినములు.

ఈ చట్టములు కచేరీకి వచ్చినంత సులువుగా చెఱకుతోటకు రాలేదు. 1954లో తాపీమీద కాక్రాపార్ ఆనకట్టయు, తరువాత ఉకాయి జలాశయమును నీరీయగా బార్డోలీ నల్లరేగడిలో ప్రత్తి పోయి చెఱకు వచ్చెను. 1955లో బార్డోలీలో సహకార చక్కెర కర్మాగారము స్థాపితమై దేశములో పేరు గడించెను. వర్షములు వెనుకబడగానే ఖాందేశునుండి, డాంగు కొండలనుండి కూలీలు గుంపులుగా వత్తురు. వారిని కొయితా యని లెక్కింతురు. కొయితా యనగా చెఱకు నఱకు కత్తి. ఆ లెక్కలో ఒక పురుషుడు, ఒక స్త్రీ కలిసి ఒక కత్తి. వారి వెంట వచ్చిన చంటిబిడ్డ ఏ లెక్కలోను లేదు. పొలముగట్టున గుడిసె, తెల్లవాఱక మునుపే కోత, ఎండలో కట్టలు కట్టుట. తల్లి ఆగినచో కూలి ఆగును. పాలు మాన్పించుటకు అచ్చట శాస్త్రము కాని, ముహూర్తము కాని పనిచేయదు. పని చెప్పిన వేళకే బిడ్డ ఒడి దిగవలెను. దేశమునకు తీపి పంచు ఆ తోటలో ఆ బిడ్డ గిన్నెలో ఏమున్నదో అడుగువారు కావలెను. 1928లో శిస్తు న్యాయమా యని అడిగిన తాలూకాకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

సూరతు మగ్గముల వాడలలో తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబములు పెక్కు కలవు. ఢిల్లీ క్వార్టర్లలోని తెలుగు గృహిణికిని, ఆ నేత కుటుంబపు తల్లికిని, బార్డోలీ తల్లికిని నేటి వైద్యము చెప్పునది ఒక్కటే. ఆఱుమాసములవఱకు తల్లిపాలు మాత్రమే. తరువాత మెత్తని ఆహారముతో పాటు రెండేండ్లవఱకు, ఇష్టమున్నచో ఆ పైని కూడ చనుబాలు. ఏడాది బిడ్డకు గిన్నె చూపుట యనగా చన్ను ఒక్కమాఱుగా త్రెంచుట కాదు. పగటిపూట ఒక వేళను గిన్నెకు మార్చి, కొన్ని దినములు నిలిచి, మఱియొక వేళను మార్చవలెను. నిద్రకు ముందటి వేళ చివరిది. మొదట రెండు గ్రుక్కలు చాలును, ఒలికినదానికి కోపపడరాదు. జ్వరము వచ్చినపుడు, ఊరు మాఱినపుడు ఈ ప్రయత్నము మానుట మేలు. క్రమముగా ననిన వాగ్భటుని మాటకు నేటి వైద్యులును ఎదురు చెప్పలేదు.

యశోద బిడ్డను దింపి పరుగెత్తినది పాలు పొంగినందున. ఆమె యింట పొంగుటకు పాలున్నవి, అది భాగ్యము. బార్డోలీ గృహిణి చీకటిగదిలో గేదెను దాచినది ఆ భాగ్యమును నిలుపుకొనుటకు. హాళీ తల్లియు, చెఱకుకోత తల్లియు ఆ భాగ్యమునకు వెలుపలనే నిలిచిరి. ఒక దేశపు మంచిచెడ్డలను కొలుచుటకు పెద్దపెద్ద కొలమానములు పెక్కు గలవు. ఏడాదిబిడ్డ రెండుచేతుల పట్టుకొన్న గిన్నెయు వానిలో నొకటి. అది ప్రతి యింట నిండినదో లేదో చూచిన చాలును.